తులసి కషాయం పొడి: గ్రాముల పాళ్లను చెంచాల్లోకి మార్చడం ఎలా?

2020లో కరోనా వేళ ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒక కషాయం పొడి పాళ్లు చెప్పింది: ఎండు తులసి ఆకు నాలుగు పాళ్లు, దాల్చిన చెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. మొదటిసారి నేను చెంచాతోనే నాలుగు, రెండు, రెండు, ఒకటి వేసి కలిపాను. తులసి జాడే లేదు. దాల్చిన చెక్క, మిరియాలు గొంతు పట్టుకున్నాయి. పాళ్లంటే తూకపు పాళ్లు. ఎండుటాకు చెంచా నిండా కనిపిస్తుంది గాని, అందులో చాలావరకు గాలే.

ముందు చెంచా సంగతి చూడండి. అన్నం తినే స్టీలు చెంచా ఒక్కో ఇంట ఒక్కో సైజు. 5 మి.లీ. కొలత చెంచా ఉంటే మేలు. లేకపోతే ఏదో ఒకటి ఎంచుకుని, చివరిదాకా దాన్నే వాడండి.

తులసిని నీడన, నలిపితే గలగలలాడేంతగా ఎండబెట్టాలి. తడి మిగిలితే తూకం తప్పుతుంది, సీసాలో బూజూ పడుతుంది. ఆకును చేత్తో నలపండి, మిగతావి దంచండి. పొడి ఎంత మెత్తగా ఉందన్నదాన్ని బట్టి చెంచా బరువు మారుతుంది కాబట్టి, కొలిచేది దంచిన తర్వాతే.

ఇక అసలు పని. వంటింటి డిజిటల్ తక్కెడ సాధారణంగా గ్రాము లోపు తేడా చూపదు. అందుకే ఒక్క చెంచా తూచి లాభం లేదు. గిన్నె పెట్టి అంకె సున్నాకు తెచ్చి, కత్తి వీపుతో పైన సమం చేసిన పది చెంచాలు వేయండి. వచ్చిన బరువును పదితో భాగించండి. టీస్పూనుకు నలిపిన ఆకు సుమారు 0.7 గ్రాములు, శొంఠి పొడి 1.8, మిరియాల పొడి 2.3, దాల్చిన చెక్క పొడి 2.6 రావచ్చు. మీ పొడికి మీ తక్కెడ చెప్పిందే లెక్క.

36 గ్రాముల పొడి కావాలనుకుందాం. తులసి 16 గ్రాములు, దాల్చిన చెక్క 8, శొంఠి 8, మిరియాలు 4. ఒక్కోదాన్ని దాని చెంచా బరువుతో భాగిస్తే తులసి 23 చెంచాలు, దాల్చిన చెక్క మూడు, శొంఠి నాలుగున్నర, మిరియాలు ఒకటీ ముప్పావు. నాలుగు చెంచాల తులసి ఎక్కడ, ఇరవై మూడు ఎక్కడ! ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి అలమర తలుపుకు అంటిస్తే, మళ్లీ తక్కెడ దించనక్కర్లేదు.

కలిపాక ఇంకో చిక్కు ఉంది. మొత్తం 32 చెంచాలు వేశాం కదా అని, కలిపిన పొడి చెంచా బరువు కోసం 36ను 32తో భాగించకండి. మెత్తటి పొడి ఆకుల సందుల్లోకి జారి, మిశ్రమం కుదించుకుపోతుంది. కలిపిన పొడిని మళ్లీ పది చెంచాలు తూచండి. ఒక మోతాదు 3 గ్రాములు, 150 మి.లీ. మరిగించిన నీళ్లకు. గర్భిణులు, కడుపులో పుండ్లు ఉన్నవారు, రోజూ మందులు వాడేవారు వైద్యుణ్ణి అడిగాకే తాగాలి.

నిల్వ ఉంచిన సీసాలో మిరియాల పొడి అడుగుకు దిగుతుంది. తీసే ముందు సీసాను తలకిందులు చేసి రెండుసార్లు కదపండి. లేదంటే చివరి వారం కషాయం మా ఇంట్లో ఎవరూ తాగరు.