పుస్తకమంటే ముఖం తిప్పుకునే పిల్లలకు ఎలాంటి పుస్తకాలు ఎంచుకోవాలి?

పుస్తక ప్రదర్శనల్లో పిల్లల స్టాలు దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట పదే పదే వినిపిస్తుంది: "మావాడు పుస్తకం ముట్టుకోడండీ, ఎన్ని కొన్నా అలాగే పడి ఉంటాయి." ఆ తల్లి సంచిలో నీతికథల సంకలనం ఒకటి, మహనీయుల జీవితాలు ఒకటి, జనరల్ నాలెడ్జ్ పుస్తకం ఒకటి ఉంటాయి. పిల్లవాడేమో పక్కనే పాముల బొమ్మలున్న పుస్తకం తిరగేస్తూ ఉంటాడు. "అది చిన్నపిల్లలది, నువ్వు నాలుగో తరగతి" అంటూ దాన్ని చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టేస్తారు. ఆ రోజు అతను ఇష్టంగా చదివి ఉండే పుస్తకం అదొక్కటే.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్లో ఇంగ్లీష్ మీడియంలో చదివే ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అంతకంటే చిన్నప్పుడు మనమే చదివి వినిపిస్తాం. పెద్ద తరగతులకు వెళ్తే పరీక్షల పుస్తకాలతోనే సరిపోతుంది. మధ్యలో ఉన్న ఈ నాలుగైదేళ్లలో సరైన పుస్తకం చేతికి అందాలి.

1. ముందు, ఎక్కడ ఆగుతున్నారో వినండి

పుస్తకం కొనకముందే చేయాల్సిన పని ఇది. కింది తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేజీ పైకి చదవమనండి. మధ్యలో దిద్దకండి, ఊరికే వినండి.

కూడబలుక్కుంటూ చదువుతూ ప్రతి ఒత్తు దగ్గరా ఆగిపోతుంటే, ఆ బిడ్డకు చదవడమంటే ఇష్టం లేదని అనుకోవద్దు, చదవడం ఇంకా కష్టంగా ఉంది. గడగడా చదివేసి, కథలో ఏమైందంటే బిక్కమొహం వేస్తే, అక్షరాలు వచ్చాయి గానీ ఆ మాటలు తెలియవు. చక్కగా చదివి, కథ కూడా చెప్పి, "ఇంక ఆడుకోనా?" అని లేచిపోతే ఆ పిల్లకు చదవడం వచ్చు, ఇప్పటిదాకా ఇచ్చిన పుస్తకాలే నచ్చలేదు. ఈ ముగ్గురికీ ఒకే పుస్తకం పనికిరాదు. "తొమ్మిదేళ్ల పిల్లలకు మంచి పుస్తకం చెప్పండి" అని అడిగితే సరైన జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

చదివేటప్పుడు పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, వరసలు తప్పిపోతున్నా, తలనొప్పి అంటున్నా ముందు కంటి డాక్టరుకు చూపించండి. మాటల్లో, ఆటల్లో, లెక్కల్లో చురుగ్గా ఉండే పిల్లవాడు రెండు మూడేళ్లుగా అక్షరాల దగ్గరే తడబడుతుంటే డిస్లెక్సియా, అంటే అక్షరాలు, మాటలు గుర్తుపట్టి చదవడంలో ఉండే ఇబ్బంది, ఉందేమో నిపుణుల చేత పరీక్ష చేయించాలి. అది తెలివి తక్కువై వచ్చేది కాదు, బద్ధకం అంతకన్నా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి సౌకర్యాలు కూడా అడగవచ్చు. ఈ సంగతి తెలియక ఎందరో పిల్లలు అనవసరంగా తిట్లు తింటున్నారు. అందుకే మొదటి అడుగులోనే చెబుతున్నాను.

2. అట్ట చూసి కొనకండి, మధ్యలో ఒక పేజీ తెరవండి

తెలుగులో చదవడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. పెద్దవాళ్లం వాటిని ఎప్పుడో దాటేశాం కాబట్టి అవి మన కంటికి ఆనవు.

మొదటిది ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరాలతో పోలికే ఉండదు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. పైగా వరసలో ముందుకు వెళ్తున్న కన్ను ఒత్తు కోసం కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. పేజీలో సగం మాటలకు ఒత్తులుంటే కొత్తగా చదివేవాళ్లకు నాలుగు వరసలకే అలసట వస్తుంది. "స్వాతంత్ర్య సమరయోధుడు" అనే మాటతో మొదలయ్యే పుస్తకం ఎంత గొప్పదైనా వీళ్లకు మొదటి పుస్తకం కాకూడదు. "ఆవు ఈనింది. దూడ లేచి నిలబడింది" అన్నట్టుండే పుస్తకం చూడండి.

రెండోది మాటల పొడవు. నోటితో అంటే తేలిగ్గా ఉండే "వెళ్ళిపోవాల్సివచ్చిందట" అనే మాట అచ్చులో కలిపేసి కనిపిస్తే చాంతాడంత ఉంటుంది. విడదీసి అచ్చువేసిన పుస్తకాలున్నాయి, అవి తీసుకోండి. అక్షరాలు పెద్దవిగా, వరసల మధ్య ఖాళీ బాగా ఉండాలి. ఒత్తులు కింది వరసకు తగులుతూ ఉంటే చదివే పిల్ల వరస తప్పుతుంది.

మూడోది భాష. ఫుట్‌పాత్ మీదా బస్టాండ్లలోనూ తక్కువ ధరకు దొరికే కథల పుస్తకాల్లో ఇప్పటికీ "రాజు అడవికేగెను, సింహమును చూచెను" అని ఉంటుంది. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు కదా. "వెళ్లాడు, చూశాడు" అని ఉన్న పుస్తకమైతే మాట సగం చదవగానే మిగతా సగం దానంతటదే నోటికొస్తుంది. అక్షరాలు వచ్చి అర్థం కాని పిల్లలకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

ఈ మూడూ చూశాక చిన్న పరీక్ష పెట్టండి. నిండుగా రాత ఉన్న ఒక పేజీ పిల్లల చేత చదివించి, ఆగిన మాటకల్లా ఒక వేలు మడవండి. చేతి వేళ్లన్నీ మడిచేలోపు పేజీ పూర్తయితే కొనండి. కాకపోతే ఆ పుస్తకం ఆరు నెలలు ఆగవచ్చు. పేజీకి రెండు మూడు వరసలే ఉండే బొమ్మల పుస్తకమైతే ఒకటి రెండు మాటలకు మించి ఆగకూడదు.

తరగతిని లెక్కలోకి తీసుకోకండి. నాలుగో తరగతి పిల్లవాడికి ఒకటో తరగతి స్థాయి పుస్తకం సరిపోతుందనిపిస్తే అదే ఇవ్వండి, కానీ "ఇది చిన్నపిల్లలది" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

3. ఇరవై నాలుగు గంటలూ దేని గురించి మాట్లాడుతున్నారో గమనించండి

చదవడం వచ్చి కూడా చదవని పిల్లల విషయంలో తాళం చెవి ఇక్కడే ఉంది. లారీలు, బుల్డోజర్లు చూస్తూ రోడ్డు పక్కన నిలబడిపోయే పిల్లవాడు ఉంటాడు. దెయ్యాల కథలైతే అన్నం మానేసి వినే పిల్ల ఉంటుంది. ఒకరికి క్రికెట్, ఒకరికి వీధికుక్కలు, ఒకరికి వంట, ఒకరికి నక్షత్రాలు. పుస్తకం దాని గురించే ఉండాలి. మీకు అది పనికిరాని విషయంగా అనిపించినా సరే.

కథలంటేనే పుస్తకాలనుకోవడం మన దగ్గర బాగా ఉంది. చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఏదో ఒకటి విప్పి చూసే రకం, కథలకు లొంగరు. వాళ్లకు పురుగుల గురించి, యంత్రాల గురించి, మన ఒంట్లో ఏం జరుగుతుందన్నదాని గురించి రాసిన పుస్తకాలు ఇవ్వండి. పారేసిన వస్తువులతో ఆటబొమ్మలు చేయించే అరవింద్ గుప్తా పుస్తకాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. బొమ్మ చేయాలంటే పక్కనున్న రెండు వాక్యాలు చదవక తప్పదు. చదువుతున్నానన్న సంగతే గుర్తురాకుండా చదివేస్తారు.

భయపెట్టే కథల గురించి తల్లిదండ్రులు అనవసరంగా టెన్షన్ పడతారు. 1947 జులైలో మొదలైన చందమామ కొన్ని తరాల తెలుగు పిల్లలకు చదవడం అలవాటు చేసింది. అందులో శవం మోసుకెళ్లే రాజు, శవంలోంచి మాట్లాడే బేతాళుడు, రాక్షసులు, మాంత్రికులు నిండుగా ఉండేవారు. ఆ బేతాళ కథల్లో మరో సుగుణం కూడా ఉంది. ప్రతి నెలా ఒకేలా మొదలై ఒకేలా ముగిసేవి. తడబడుతూ చదివే పిల్లలకు మొదటి పేరా ముందే నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి ధైర్యంగా కథలోకి దిగేవారు. ఇప్పుడు కూడా ఒకే వాక్యం పేజీ పేజీకీ తిరిగి వచ్చే పుస్తకాలు, ఒకే పాత్రతో వరసగా వచ్చే పుస్తకాలు వెతకండి. చందమామ కొత్తగా రావడం లేదు గానీ పాత సంచికలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి.

బొమ్మల కథలు, అంటే కామిక్స్, చదువు కిందికి రావనే మాట కూడా వదిలేయాలి. బొమ్మ అర్థాన్ని అందిస్తుంది, మాట చిన్న బుడగలో ఉంటుంది, పేజీ త్వరగా తిరుగుతుంది. పుస్తకం పూర్తి చేశానన్న సంతోషం చాలామందికి మొదటిసారి కామిక్స్‌తోనే దొరుకుతుంది. అమర్ చిత్ర కథలు తెలుగులోనూ వచ్చాయి.

పెద్దలు తరచూ పొరబడే పుస్తకం గురించి ఒక మాట. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'ను చిన్నపిల్లల పుస్తకమని కొనిస్తుంటారు. నాకు ప్రాణమైన పుస్తకమే, కానీ తడబడే పిల్లలకు మొదటి పుస్తకంగా వద్దు. మాటలు చిన్నపిల్లాడు పలికినట్టే రాసి ఉంటాయి, పిల్లలు వాటిని గుర్తుపట్టలేరు. ఎకసెక్కం ఎక్కువగా పెద్దవాళ్ల మీదే నడుస్తుంది. మీరు నటిస్తూ చదివి వినిపించండి, నవ్వి నవ్వి పడతారు. బాగా చదవగలిగి, బడి మీద కోపంగా ఉన్న పదేళ్ల పిల్లలకైతే 'రైలుబడి' ఇచ్చి చూడండి. ఒక బడిలోంచి పంపేసిన చిన్నపిల్ల, పాత రైలుపెట్టెల్లో నడిచే మరో బడిలో చేరిన కథ అది, జపాన్‌లో జరిగింది. అధ్యాయాలు చాలా చిన్నవి. రోజుకొకటి చదివి పక్కన పెట్టవచ్చు.

4. ఎక్కడ వెతకాలి

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే మొదట తెచ్చిన వాటిలో కొన్ని నచ్చకపోవడం ఖాయం. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు బొమ్మలతో సహా ఉచితంగా ఉన్నాయి. అన్నిటికీ ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి రాసి ఉంటుంది. ఒకటో స్థాయి నుంచి మొదలుపెట్టి, ఏ స్థాయిలో ఆగుతున్నారో చూస్తే బజార్లో ఏం కొనాలో తెలిసిపోతుంది. వీలైతే ప్రింట్ తీసి ఇవ్వండి. ఫోన్‌లో ఇస్తే చదవడం అయ్యేలోపు వేలు ఇంకెక్కడికో వెళ్తుంది.

కొనాలంటే సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే సంస్థ వారి ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు చూడండి. పలచగా, చవగ్గా ఉంటాయి. చెన్నైలోని తూలికా ప్రచురణ సంస్థ తెలుగు, ఇంగ్లీష్ రెండూ పక్కపక్కనే ఉండే పుస్తకాలు వేస్తోంది. ఇంగ్లీష్ బాగా వచ్చి తెలుగు తడబడే పిల్లలకు ఇవి చాలా నయం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి పిల్లలకు తెలుగు మాట వచ్చినా రాత రాకపోతే ఇలాంటివి తెప్పించుకుని, మీరు తెలుగు పేజీ, వాళ్లు ఇంగ్లీష్ పేజీ చదవండి.

మీ ఊళ్లో గ్రంథాలయం ఉంటే సభ్యత్వం పిల్లల పేరు మీదే తీసుకోండి. ఏటా చలికాలంలో జరిగే హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు తీసుకెళ్లండి.

5. ఎంపికలో పిల్లల మాటే చెల్లాలి

మీరు వెతికి ఐదారు పుస్తకాలు ముందు పెట్టండి. అందులోంచి తీసుకునేది వాళ్లు. ప్రదర్శనకు వెళ్తే చేతికి కొంత డబ్బు ఇచ్చి, "దీంతో నీకు నచ్చింది కొనుక్కో" అనండి, కొన్నదాని మీద వ్యాఖ్యానం చేయకండి. స్టిక్కర్ల పుస్తకం తెచ్చుకుంటే అదీ పుస్తకమే. మీకు కొనాలనిపించింది మీరు వేరుగా కొని ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. తాను ఎంచుకున్న పుస్తకానికి ఇంట్లో మర్యాద దక్కితే రెండోసారి కాస్త జాగ్రత్తగా ఎంచుకుంటారు.

6. ఇచ్చాక

మొదటి రెండు పేజీలు మీరు చదవండి. కథ ముడిపడే చోట ఆపి, పుస్తకం తెరిచి ఉంచి పొయ్యి మీద పాలు చూసి వస్తానని లేవండి. ఎదురుచూడలేని పిల్లలు ఆ కాసేపట్లో తర్వాతి వరసలు వాళ్లే చదివేస్తారు.

చదివాక "ఇందులో నీతి ఏంటి?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నతో కథ కాస్తా హోంవర్క్ అయిపోతుంది. ఏదైనా అనాలనుంటే, "ఆ నక్క ఇంకోలా చేసి ఉంటే?" లాంటిది అనండి, జవాబు రాకపోతే వదిలేయండి. సగంలో ఆపేస్తానంటే ఆపనివ్వండి. అదే పుస్తకం పదోసారి చదువుతానన్నా అడ్డు చెప్పకండి, తెలిసిన పుస్తకం మళ్లీ చదివినప్పుడే ఒత్తులు, పెద్ద మాటలు కంటికి అలవాటవుతాయి.

7. రెండో పుస్తకం మొదటిదానిలాగే ఉండాలి

ఒక పుస్తకం నచ్చిందనగానే ఇక దారిలో పడ్డారనుకుని రెండు వందల పేజీల పుస్తకం కొంటారు. అక్కడే చాలామంది మళ్లీ ఆగిపోతారు. నచ్చినదాంట్లో ఏం నచ్చిందో అడిగి తెలుసుకోండి. నవ్వు వచ్చిందా, కుక్క ఉందా, బొమ్మలు బాగున్నాయా? అదే దినుసు, అదే స్థాయి, దాదాపు అదే మందం ఉన్న పుస్తకం ఇవ్వండి. అలా నాలుగైదు పూర్తయ్యాక వాళ్లే "ఇంకా పెద్ద కథ లేదా?" అని అడుగుతారు. అడిగాకే స్థాయి పెంచండి. పుట్టినరోజుకు పుస్తకాలు తెచ్చే బాబాయిలకు, అత్తయ్యలకు కూడా ముందే ఫోన్ చేసి చెప్పండి, మా పిల్లకు ఇప్పుడు కుక్కల కథలు నడుస్తున్నాయి, ముప్పై పేజీలు దాటకుండా, అక్షరాలు పెద్దగా ఉన్నవి తెండి అని.