యురేనియం కేంద్రకం చీలితే ఎంత శక్తి వస్తుంది? మీరే లెక్క కట్టడం ఎలా

ఒక యురేనియం కేంద్రకం చీలితే 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (ఎంఈవీ) శక్తి వస్తుందని ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ 200 ఎక్కడిదో తేల్చడానికి పెన్ను, కాగితం, కాలిక్యులేటరు చాలు. కూడికలు, తీసివేతలు, గుణకారం వస్తే సరిపోతుంది.

ముందు చర్యను రాసుకోండి. యురేనియం ఎన్నో రకాలుగా చీలుతుంది, మనం ఒకటి తీసుకుందాం:

యురేనియం-235 + న్యూట్రాన్ → బేరియం-141 + క్రిప్టాన్-92 + 3 న్యూట్రాన్లు

రెండువైపులా కణాలు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) సరిపోయాయో లేదో చూసుకోండి. ఎడమవైపు 236. కుడివైపు 141, 92, 3 కలిపితే అంతే. ప్రోటాన్లు కూడా 56, 36 కలిసి 92 అవుతాయి. అంటే ఒక్క కణం కూడా మాయం కాలేదు. తగ్గేది బరువే.

ఇప్పుడు పరమాణు ద్రవ్యరాశులను పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో (ఒక ప్రమాణం దాదాపు ఒక ప్రోటాన్ బరువు) వేయండి. నాలుగు దశాంశాల వరకూ రాయాల్సిందే, ఎందుకంటే మనకు కావాల్సిన తేడా అంతా దశాంశ బిందువు తర్వాతే ఉంది.

ఎడమవైపు: 235.0439 + 1.0087 = 236.0526
కుడివైపు: 140.9144 + 91.9262 + 3.0260 = 235.8666
తేడా: 0.1860

ఈ తేడానే ద్రవ్యరాశి లోపం అంటారు. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం ఒక ప్రమాణం ద్రవ్యరాశికి 931.5 ఎంఈవీ. గుణిస్తే 173 వస్తుంది.

1938 డిసెంబరులో భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్ కూడా ఇలాంటి లెక్కే వేశారు. బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్తలు ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లతో కొట్టిన యురేనియంలో బేరియం కనిపించిందని తేల్చారు, కానీ అదెలా సాధ్యమో వాళ్లకు అంతుపట్టలేదు. నాజీల నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన మైట్నర్, సోదరి కొడుకు ఒట్టో ఫ్రిష్‌తో కలిసి మంచులో నడకకు వెళ్లినప్పుడు కాగితం ముక్కల మీద లెక్క చూశారు. ప్రోటాన్ బరువులో ఐదో వంతు తగ్గుతుందని, అంటే దాదాపు 200 ఎంఈవీ అని తేలింది. నోబెల్ మాత్రం హాన్ ఒక్కరికే ఇచ్చారు. అది అన్యాయమనే నా అభిప్రాయం.

మరి మనకు 173 ఎందుకొచ్చింది? లెక్క తప్పు కాదు, ఇంకా పూర్తికాలేదంతే. బేరియం-141, క్రిప్టాన్-92 కేంద్రకాల్లో న్యూట్రాన్లు మరీ ఎక్కువ. అవి స్థిరంగా ఉండలేవు. ఒకదాని తర్వాత ఒకటిగా బీటా కిరణాలు (ఎలక్ట్రాన్లు) వదులుతూ బేరియం చివరికి ప్రసియోడిమియం-141గా, క్రిప్టాన్ జిర్కోనియం-92గా మారి నిలకడకు వస్తాయి. కుడివైపు ఈ రెంటినీ పెట్టి మళ్లీ కూడండి:

140.9077 + 91.9050 + 3.0260 = 235.8387

ఇప్పుడు తేడా 0.2139. 931.5తో గుణిస్తే 199 ఎంఈవీ. చీలిన క్షణంలో 173, ఆ తర్వాత తీరిగ్గా మరో 26. ఈ రెండో వాటాలో కొంత, దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే యాంటీన్యూట్రినోలనే కణాలతో ఎగిరిపోతుంది, దాన్ని మనం వాడుకోలేం.

ఇక కరెంటు బిల్లు భాషలోకి వద్దాం. 200 ఎంఈవీ అంటే 3.2 × 10⁻¹¹ జౌళ్లు. కిలో యురేనియం-235లో 2.56 × 10²⁴ పరమాణువులు ఉంటాయి. అన్నీ చీలితే 8.2 × 10¹³ జౌళ్లు. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి దాదాపు 2.3 కోట్ల యూనిట్ల వేడి. అందులో మూడో వంతే కరెంటుగా మారుతుందనుకున్నా 75 లక్షల యూనిట్లు. అయితే ప్రకృతిలో దొరికే యురేనియంలో, మన కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే దానిలోనైనా సరే, 235 రకం 0.7 శాతమే. కిలో 235 కావాలంటే సుమారు 140 కిలోల సహజ యురేనియం ఉండాలి.

ఆ 26 ఎంఈవీ దగ్గర కాస్త ఆగండి. రియాక్టర్‌లోకి న్యూట్రాన్లను మింగేసే నియంత్రణ కడ్డీలు దించితే శృంఖల చర్య (ఒక చీలికలో వచ్చిన న్యూట్రాన్లు మరిన్ని కేంద్రకాలను చీల్చడం) ఆగిపోతుంది, కానీ అప్పటికే పుట్టిన ముక్కల బీటా క్షయం ఆగదు. రియాక్టర్ ఆపిన వెంటనే కూడా పూర్తి సామర్థ్యంలో 6, 7 శాతం వేడి పుడుతూనే ఉంటుంది. జపాన్‌లోని ఫుకుషిమా దైచీ అణు విద్యుత్ కేంద్రంలో 2011 మార్చి 11న భూకంపం రాగానే నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతటవే ఆగాయి. తర్వాత సునామీ నీళ్లకు డీజిల్ జనరేటర్లు మూలపడ్డాయి, చల్లబరిచే దారి లేకపోయింది. ఇంధనాన్ని కరిగించింది ఈ మిగులు వేడే.