చలికి పొద్దున్నే ఆగిపోయే బండిని ఎలా దారిలో పెట్టాలి?

ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో జనవరి పొద్దున వినిపించేది ఒకటే: కిక్కు, భుర్రుమని రేసు, టక్కున ఆగడం, మళ్లీ కిక్కు. బండి పాతదైపోయిందని ఓనరు నిట్టూరుస్తాడు. చాలాసార్లు బండి తప్పు కాదది. మైలేజీ కోసం ఎండాకాలంలో ఎయిర్ స్క్రూ, అంటే ఇంజన్‌కు వెళ్లే గాలి, పెట్రోల్ పాళ్లను సరిచేసే మర, తిప్పించుకున్న ఫలితం.

నేను చెప్పేది కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండ్ల గురించి, అంటే ఎక్కువగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాకముందు కొన్నవి. కార్బొరేటర్ లేని ఇంజెక్షన్ బండయితే తాళం తిప్పి, పెట్రోల్ పంపు గుయ్‌మనడం ఆగాక స్టార్ట్ చేయండి. అప్పటికీ ఆగిపోతుంటే బ్యాటరీ, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) మెకానిక్‌కు చూపించండి.

చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, కొంత ఇంజన్‌కు వెళ్లే దారిలో గోడలకే అంటుకుపోతుంది. ఇంజన్‌కు గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. ఆ లోటు తీర్చడానికే చోక్. పూర్తిగా వేయండి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేయండి. రేసు ఇస్తే స్లో జెట్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే సన్న రంధ్రపు ముక్క) దగ్గర పెట్రోల్ లాగుడు తగ్గి బండి ఆగుతుంది. అరనిమిషం అయ్యాక చోక్ సగానికి, ఇంజన్ నిలకడ పడ్డాక పూర్తిగా తీసేయండి. ఇదంతా ఆరుబయటే. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే పొగ ప్రాణం తీస్తుంది.

అయినా ఆగుతోందా? ప్లగ్ తీసి మసి తుడవండి, అరిగితే కొత్తది వేయండి. ఎయిర్ ఫిల్టర్ దులపండి. ట్యాపెట్లు (ఇంజన్ వాల్వుల దగ్గరి సందు) చల్లని ఇంజన్ మీదే చూపించండి. నెలల తరబడి కదలని బండయితే పాత పెట్రోల్ తీసేయండి. ఇంజన్ ఆయిల్ కంపెనీ చెప్పిందే, చిక్కటిది వద్దు.

ఇక అసలు పని, ఎయిర్ స్క్రూ. అందరూ పాడుచేసేది ఇక్కడే.

ముందు బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. చల్లని ఇంజన్ మీద చేసిన సెట్టింగు సెట్టింగే కాదు. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. తగిలిందనిపించగానే ఆపాలి. ఇంకో పావు చుట్టు బిగించారా, మొన దెబ్బతింటుంది, తర్వాత ఏ సెట్టింగూ నిలవదు. వచ్చిన లెక్క కాగితం మీద రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకునేవాళ్లే గంట తర్వాత మెకానిక్ దగ్గర కనిపిస్తారు.

తిరిగి అన్నే చుట్లు బయటికి తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్ స్క్రూతో (రేసు ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని మార్చేది) వేగం కాస్త పెంచండి. ఇప్పుడు ఎయిర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, కొన్ని సెకన్లు ఆగి వినండి, మళ్లీ పావు. ఇంజన్ ఎక్కడ అన్నిటికన్నా చురుగ్గా, తడబడకుండా తిరుగుతుందో అదే చోటు. తర్వాత ఐడిల్ మామూలుకు తగ్గించండి.

ఎటు తిప్పితే పెట్రోల్ పెరుగుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి, ఇంజన్ వైపు ఉంటే బయటికి. ఇది చూసుకోకుండా తిప్పి బండిని తిడతారు! చలికాలానికి నేను ఆ చోటు నుంచి పెట్రోల్ పెరిగే వైపు ఇంకో పావు చుట్టులో సగం తిప్పుతాను, మీరూ తిప్పండి. మైలేజీ కాస్త తగ్గుతుంది. దారి మధ్యలో ఆగే బండికి మైలేజీ ఎందుకు?

స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్ శబ్దం మారకపోతే స్లో జెట్ మూసుకుపోయింది. దాని రంధ్రంలోకి తీగ దూర్చొద్దు, ఇత్తడిది, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చర్ షాపులో గాలి పట్టించండి. కొన్ని బండ్లలో ఆ జెట్ ఊడదు, బలవంతం చేయకండి.

పని సరిగ్గా కుదిరిందో లేదో సాయంత్రం తెలియదు. బండిని రాత్రంతా బయట ఉంచి, పొద్దున చోక్ వేసి చూడండి.