గ్రహణం చూడ్డానికి పార్కుకు వెళ్తున్నారా? ముందు అక్కడి ఆకాశం చూసి రండి

గ్రహణం చూడ్డానికి పార్కుకు వెళ్దాం అనగానే అందరూ ముందు కళ్లకి పెట్టుకునే గ్రహణం అద్దాల గురించే అడుగుతారు. అద్దాలు ముఖ్యమే, వాటి గురించి కింద గట్టిగానే చెప్తాను. కానీ అద్దాలు జేబులో పెట్టుకుని, చాప పరుచుకుని, పిల్లల్ని కూర్చోబెట్టుకున్నాక, సరిగ్గా గ్రహణం బాగా పట్టే వేళకి సూర్యుడు వెళ్లి ఓ పెద్ద చెట్టు వెనక నక్కితే ఏం చేస్తారు? మొదటిసారి నాకు అదే జరిగింది. పొద్దున్నే వెళ్లి పార్కు మొత్తంలో మంచి చోటు పట్టేశానని మురిసిపోయాను. రెండు గంటలు గడిచాక చూస్తే జనమంతా అవతలి గట్టు మీద నిలబడి పైకి చూస్తున్నారు, మేమేమో చాప చుట్టి చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని అటు పరుగు. నీడ కోసం ఏరికోరి ఎంచుకున్న చోటు అది. గ్రహణం చూడ్డానికి వెళ్తూ నీడ వెతుక్కున్న తెలివి నాది!

కాబట్టి మొదటి పని, ఆ నిమిషానికి సూర్యుడు ఆకాశంలో ఎక్కడుంటాడో తెలుసుకోవడం. ఏ దిక్కున, ఎంత ఎత్తున. మీ ఊరి పేరు కొడితే గ్రహణం ఎప్పుడు పట్టేది, ఎప్పుడు విడిచేది, ఆ వేళకి సూర్యుడి ఎత్తు ఎన్ని డిగ్రీలు అన్నదంతా చెప్పే సైట్లు, యాప్‌లు బోలెడున్నాయి. ఒక్క జాగ్రత్త, చాలా పట్టికల్లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న ప్రామాణిక సమయంలో ఉంటుంది. దాన్ని మీ గడియారంలోకి మార్చుకోవాలి, వేసవిలో గంట ముందుకు జరిపే దేశమైతే అది కూడా కలుపుకోవాలి. గంట తేడాతో గ్రహణం తప్పిపోవడం కంటే చికాకు ఇంకోటి ఉండదు.

డిగ్రీలంటే అర్థం కాకపోతే చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా ముందుకు చాపి పిడికిలి బిగించండి, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల ఆకాశం కలిసే గీత దగ్గర మొదలుపెట్టి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ వెళ్తే ఎత్తు తెలిసిపోతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, అంటే పిడికిలిన్నర. గ్రహణం మొదటినుంచి చివరిదాకా రెండు రెండున్నర గంటలు సాగుతుందనుకుంటే, మొదట్లో ఎదురుగా కనిపించిన సూర్యుడు చివరికి మూడు నాలుగు పిడికిళ్లు పక్కకో కిందికో పోయి ఉంటాడు. నా చెట్టు కథ అర్థమైంది కదా.

ఇంకా తేలికైన పద్ధతి ఒకటుంది, నేనిప్పుడు అదే చేస్తాను. గ్రహణానికి రెండు మూడు రోజుల ముందు, సరిగ్గా అదే టైముకి పార్కుకు వెళ్లి నిలబడండి. రెండు మూడు రోజుల్లో సూర్యుడి దారి పెద్దగా మారదు, కాబట్టి ఆరోజు ఏ కొమ్మ అడ్డొస్తుందో, ఏ మేడ అడ్డొస్తుందో మీ ముందే కనిపిస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడక్కర్లేదు, నేల మీద నీడ చూస్తే చాలు. మీ నీడ ఎటు పడుతుందో దానికి ఎదురుదిక్కునే సూర్యుడు, మీరు నిలబడ్డ చోట చెట్టు నీడ పడితే ఆ చోటు పనికిరాదు.

సూర్యుడి ఎత్తు మీదే పార్కు ఎంపిక ఆధారపడుతుంది. 2026 ఆగస్టు 12 సంపూర్ణ గ్రహణాన్నే తీసుకోండి, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా స్పెయిన్‌కి వచ్చేసరికి అక్కడ సాయంత్రం, సూర్యుడు దిగిపోయే వేళ. స్పెయిన్‌లో చాలాచోట్ల పిడికిలి ఎత్తున ఉంటాడంతే, తూర్పు తీరానికి వెళ్లేకొద్దీ ఇంకా కిందికి. అలాంటప్పుడు చుట్టూ చెట్లున్న చక్కటి తోట ఎందుకూ కొరగాదు, పడమర వైపు అడ్డం లేని గుట్టో, చెరువు గట్టో, ఆటల మైదానమో కావాలి. అదే 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర సంపూర్ణం ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది, సూర్యుడు దాదాపు నడినెత్తిన. అక్కడ అడ్డాల బాధ లేదు, మెడ నొప్పి బాధ. అరగంట తల పైకెత్తి చూసినవాడికి తెలుస్తుంది, చాప మీద వెల్లకిలా పడుకోవడమో, వెనక్కి వాలే మడత కుర్చీయో ఉంటే ప్రాణం సుఖంగా ఉంటుంది.

ఇక మీ ఊళ్లో కనిపించేది ఏ గ్రహణమో చూసుకోండి. పాక్షికమా, కంకణాకారమా, సంపూర్ణమా? పాక్షికమైతే దగ్గర్లో ఉన్న ఏ పార్కైనా ఒకటే, దూరం వెళ్లి సాధించేదేం లేదు. సంపూర్ణ గ్రహణపు దారి మీకు కొద్ది దూరంలో వెళ్తోందని తెలిస్తే మాత్రం, ‘మా ఊళ్లో 99 శాతం పడుతుంది కదా, ఒక్క శాతానికి అంత దూరం ఎందుకు’ అనుకోకండి. ఆ ఒక్క శాతమే అసలు సంగతి. సూర్యబింబం చుట్టూ ఉండే పల్చటి వెలుగు వలయాన్ని కరోనా అంటారు, దాని కాంతి సుమారు పున్నమి చంద్రుడి కాంతి అంత, సూర్యుడి ఉపరితలం దానికి లక్షల రెట్లు ఎక్కువ. ఒక్క శాతం మిగిలినా ఆ వెలుగులో కరోనా కనపడనే కనపడదు, ఆకాశం చీకటి పడదు, అద్దాలు తియ్యడానికీ వీల్లేదు. చేతనైతే వెళ్లండి, ఆ దారిలో మధ్యగీతకి దగ్గరగా ఉన్న పార్కు పట్టుకోండి. అంచున ఉంటే కొన్ని సెకన్లే దక్కుతుంది.

పార్కు సంగతులు త్వరగా చెప్పేస్తాను. గేటు ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు, ఆరోజు ప్రత్యేకంగా టికెట్టో ముందస్తు బుకింగో పెట్టారా, బండి ఎక్కడ ఆపాలి, టాయిలెట్లు ఎక్కడ, కెమెరా స్టాండు పెట్టుకోనిస్తారా అన్నవి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సాయంత్రం గ్రహణమైతే మూసే టైము మరీ ముఖ్యం. ఇంకో చిన్న విషయం, ఎవరికీ తట్టదు: వెలుతురు తగ్గగానే తమంతట తామే వెలిగే దీపాలు. సంపూర్ణ గ్రహణంలో చీకటి పడగానే అవి రాత్రయిందనుకుని భగ్గున వెలుగుతాయి. మీరు కూర్చున్నది ఆ స్తంభం కిందే అయితే పండగే. దీపస్తంభాలకు దూరంగా కూర్చోండి.

చెట్లు వద్దన్నానని పూర్తిగా ఎండలోనే ఉండమని కాదు. చూసేచోటు బయలుగా ఉండాలి, ఓ పది అడుగుల దూరంలో చెట్టు ఉండాలి, అదీ నా లెక్క. మధ్యమధ్యలో తల దాచుకోవడానికి ఒక కారణం, రెండోది అంతకంటే మంచిది. ఆకుల మధ్య సందులు ఒక్కొక్కటీ ఒక్కో సూదిబెజ్జం లాగా పనిచేసి నేల మీద సూర్యుడి బొమ్మ వేస్తాయి. మామూలు రోజుల్లో ఆ వెలుతురు మచ్చలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గ్రహణం సగం దాటాక ఆ మచ్చలన్నీ నెలవంకలైపోతాయి, వందల కొద్దీ, ఒకదాని మీద ఒకటి, గాలికి ఆకు కదిలితే అన్నీ ఒక్కసారి కదులుతాయి. ఆరోజు మేం చాప చుట్టబోతుంటే మా చిన్నాడు కదలనన్నాడు, ఏంట్రా అంటే చాప మీద వేలితో చూపించాడు, చాపంతా నెలవంకలే. మా పరుగు ఓ రెండు నిమిషాలు ఆగింది. తెల్లటి దుప్పటి ఒకటి తీసుకెళ్లి చెట్టు కింద పరిస్తే ఇవి భలేగా కనిపిస్తాయి.

చెట్టు లేకపోతే వంటింట్లో చిల్లుల గరిటె పట్టుకెళ్లండి, లేదా రెండు చేతుల వేళ్లూ అడ్డంగా నిలువుగా పెట్టి ఆ సందుల్లోంచి నీడ పడనివ్వండి. అట్టముక్కకి సూదితో చిన్న బెజ్జం పొడిచి, మీటరు దూరంలో తెల్ల కాగితం పెడితే దానిమీద 9 మిల్లీమీటర్ల సూర్యుడు పడతాడు. దూరం పెంచితే బొమ్మ పెద్దదవుతుంది, కాంతి తగ్గుతుంది. సూర్యుడికి వీపు పెట్టి కాగితాన్ని చూడాలి, బెజ్జంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు. ఇది పదిసార్లు చెప్పినా ఎవరో ఒకరు కన్ను పెట్టేస్తారు.

అద్దాల సంగతికొద్దాం. సూర్యుణ్ణి చూసే అద్దాలకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-2, దానికి తగ్గవే కొనండి, ఆ నంబరు అచ్చేసినంత మాత్రాన నమ్మకండి, నమ్మకమైన చోట కనీసం నెల ముందు కొనండి, ఆఖరి వారంలో దొరికేవి ఏవో ఎవరికీ తెలీదు. రాగానే ఇంట్లో పెట్టుకుని చూడండి, గదిలో ఏమీ కనిపించకూడదు, బాగా వెలిగే బల్బు మాత్రం మసగ్గా కనిపిస్తే కనిపించవచ్చు. కుర్చీలూ మనుషులూ కనిపిస్తుంటే అవి పారేయాల్సినవే. గీత పడినా, ముడత పడినా, అట్ట నుంచి ఊడినా పారేయండి. కూలింగ్ గ్లాసులు ఒకదానిమీద ఒకటి ఎన్ని పెట్టుకున్నా లాభం లేదు, ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, పాత సీడీలు ఇవన్నీ వద్దు. వెల్డింగు అద్దమైతే 14వ నంబరుది పనికొస్తుంది, అంతకు తక్కువ నంబరుతో ప్రయోగాలు వద్దు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే కంటి రెటీనాకి నొప్పి తెలీదు. కాలుతున్నా తెలీదు, కొన్ని గంటలు పోయాకో మర్నాడు పొద్దున్నో చూపు మధ్యలో మచ్చ కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది. అలా జరిగితే తగ్గుతుందిలే అని కూర్చోకుండా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పిల్లలకి ఓ డ్రిల్లు నేర్పండి: సూర్యుడికి వీపు పెట్టి అద్దాలు పెట్టుకోవడం, తర్వాత తిరిగి చూడ్డం, మళ్లీ సూర్యుడికి వీపు పెట్టాకే తియ్యడం. ముందు రోజు ఇంట్లో నాలుగుసార్లు ఆడిస్తే అలవాటైపోతుంది. మామూలు కళ్లజోడు ఉన్నవాళ్లు దాని మీదే ఇవి పెట్టుకోవచ్చు. బైనాక్యులర్స్ తెచ్చేవాళ్లు మాత్రం ఆగండి. గ్రహణం అద్దాలు కళ్లకి పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడకూడదు, భూతద్దంతో కాగితం కాల్చినట్టు ఆ లెన్సులు వేడిని ఒక్కచోటికి చేర్చి అద్దాన్ని కాల్చేస్తాయి, ఆ తర్వాత మీ కంటిని. ఫిల్టరు ముందువైపు, అంటే సూర్యుడి వైపు లెన్సులకి, ఊడిపోకుండా బిగించి ఉండాలి.

అద్దాలు తియ్యగలిగేది సంపూర్ణ గ్రహణంలోనే, అదీ ఆ కొద్ది నిమిషాలే. గుర్తు ఏంటంటే, అద్దాల్లోంచి ఇక ఏమీ కనిపించనప్పుడు తియ్యాలి, అంచున మెరుపు మళ్లీ తొంగిచూడగానే పెట్టేసుకోవాలి. పాక్షికంలో, కంకణాకారంలో, బంగారు గాజులా ఎంత ముద్దుగా ఉన్నా సరే, ఒక్క క్షణం కూడా తియ్యకూడదు.

మబ్బుల టెన్షన్ అందరికీ ఉంటుంది. పదిరోజుల ముందు నుంచే వాతావరణం చూసుకుని నిద్ర చెడగొట్టుకోవద్దు, రెండు రోజుల ముందు చూడండి, ఆరోజు పొద్దున ఉపగ్రహ చిత్రం చూడండి. వేరే దిక్కున రెండో పార్కు ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి, కానీ మారాలంటే గ్రహణం పట్టడానికి రెండు గంటల ముందే మారండి, ఆఖర్లో బయల్దేరితే రోడ్డు మీదే గ్రహణం అయిపోతుంది. పల్చటి మబ్బైతే కదలకండి, దానిలోంచి కనిపిస్తుంది. మ్యాపులు ఫోన్లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అంత జనం ఒకచోట చేరితే నెట్‌వర్క్ చచ్చిపోతుంది.

అక్కడికి వెళ్లాక మొదటి ముప్పావుగంట పెద్దగా ఏమీ జరగదు, అంచున ఎలుక కొరికినట్టు చిన్న ముక్క, అది మెల్లగా పెరగడం. రెప్పవేయకుండా చూడక్కర్లేదు, ఐదు నిమిషాలకోసారి చూస్తే చాలు, పిల్లలకి ఆడుకోవడానికేదైనా ఇవ్వండి. ముప్పాతిక పట్టాక వెలుతురు తేడాగా అనిపిస్తుంది, ఎండ ఉంటుంది కానీ పస ఉండదు, చలి తగులుతుంది, అందుకే పల్చటి స్వెట్టరొకటి ఉంచుకోండి. సంపూర్ణమైతే చివరి నిమిషంలో ఫోన్ ముట్టుకోవద్దు. కావాలంటే ఐదు నిమిషాల ముందే ఫోన్‌ని ఆకాశం వైపు కాకుండా మీవాళ్ల మొహాల వైపు తిప్పి, ఫ్లాష్ ఆపేసి, వీడియో ఆన్ చేసి వదిలేయండి. ఆకాశం ఫొటోలు మీకంటే బాగా తీసేవాళ్లు చాలామంది ఉంటారు. మీరేమో ఆ నిమిషాల్లో కరోనా చూడండి, పక్కన శుక్రుడు వెలుగుతున్నాడేమో చూడండి, ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి, అన్ని దిక్కులా సాయంత్రం రంగు ఉంటుంది.

అయిపోగానే అందరూ ఒకేసారి బండ్ల దగ్గరికి పరిగెడతారు. మీరు కదలకండి, విడుపు ఇంకా గంటకు పైనే ఉంటుంది, దాన్ని చూస్తూ కూర్చుంటే ఈలోపు రోడ్డు ఖాళీ అవుతుంది. వెళ్లేముందు అద్దాలు లెక్కపెట్టి తీసుకుని, గీతలు పడకుండా ఓ కవర్లో పెట్టి, మీద తారీకు రాసి దాచండి, తర్వాతి గ్రహణానికి మళ్లీ బల్బు పరీక్ష చేసి వాడుకోవచ్చు.