ల్యాండ్ స్టీవార్డ్ పని చేయాలనుందా? ముందు హద్దు రాయి వెతకండి

ల్యాండ్ స్టీవార్డ్, అంటే కాపాడాల్సిన భూమిని చూసుకునే మనిషి, అనగానే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని పక్షుల్ని చూస్తూ అడవిలో తిరగడమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మా ఊరి ల్యాండ్ ట్రస్టుకి వాలంటీర్‌గా పేరిచ్చాను. మొదటి శనివారం నాతో చేయించిన పని ఏంటంటే, రాలిన ఆకుల కింద చెయ్యి పెట్టి ఒక ఇనప కడ్డీ వెతకడం. మూడు గంటలకి దొరికింది. బొటనవేలంత లావు, పైన ప్లాస్టిక్ టోపీ, దాని మీద సర్వేయర్ నంబరు. ఆ భూమికి ఈశాన్య మూల అదే. ఊళ్లో గట్టు తగాదాలు చూస్తూ పెరిగినవాళ్లయితే ఈ పనిలో సగం మీకు వచ్చేసినట్టే.

అసలు ల్యాండ్ ట్రస్టు అంటే ఏంటో ముందు చెప్తాను. లాభాపేక్ష లేని సంస్థ, కొంత భూమిని సొంతంగా కొంటుంది లేదా దానంగా తీసుకుంటుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది, తిరకాసంతా అందులోనే. భూమి ఓనర్ పేరు మీదే ఉంటుంది, అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇచ్చుకోవచ్చు, కానీ ప్లాట్లు వేసి ఇళ్లు కట్టే హక్కు శాశ్వతంగా వదులుకుంటున్నట్టు రిజిస్టర్ చేయిస్తాడు. దీన్ని చాలా రాష్ట్రాల్లో కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు, మసాచుసెట్స్‌లో కన్సర్వేషన్ రెస్ట్రిక్షన్ అంటారు. రేపు ఎవరు కొన్నా ఆ షరతు భూమితోపాటే వస్తుంది. షరతు పాటిస్తున్నారా లేదా అని చూసే బాధ్యత ట్రస్టుది, ట్రస్టు తరఫున వెళ్లి నడిచి చూసేది మీరు. ఈ రాష్ట్రంలో ల్యాండ్ ట్రస్టులు పాత వ్యవహారమే, ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్ 1891లో మొదలైంది, సడ్‌బరీ వ్యాలీ ట్రస్టీస్ 1953లో. చిన్న ఊరి ట్రస్టుల్లో చాలావాటికి జీతం తీసుకునే మనిషే ఉండడు, రిటైరైన టీచర్లూ ఇంజనీర్లూ నడిపిస్తుంటారు. అందుకే ఒక ఈమెయిల్ పెడితే చాలు, వద్దనేవాళ్లు ఉండరు.

మీకు ఒక స్థలం అప్పగించాక వెంటనే బూట్లు వేసుకుని బయల్దేరకండి. ముందు కాగితాలు అడగండి. డీడ్ అంటే భూమి దస్తావేజు, సర్వే ప్లాన్, ఇంకా బేస్‌లైన్ రిపోర్ట్, అంటే ఒప్పందం రాసుకున్న రోజున ఆ భూమి ఎలా ఉందో మ్యాపులతో, నంబర్లు వేసిన ఫొటోలతో తయారుచేసి ఓనరూ ట్రస్టూ సంతకాలు పెట్టిన పుస్తకం. పాత డీడ్లు చదువుతుంటే మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో చెక్కుబందులు గుర్తొస్తాయి: తూర్పున ఫలానా వారి పొలం, పడమర వాగు, అక్కడి నుంచి పెద్ద ఓక్ చెట్టు దాకా ఇన్ని గొలుసులు. ఆ గొలుసు కూడా మన సర్వేయర్లు లాగిన గొలుసే, 66 అడుగులు. ఓక్ చెట్టు మాత్రం పడిపోయి వందేళ్లయి ఉంటుంది.

నడిచేటప్పుడు హద్దు వెంబడి నడవండి, మధ్యలో ట్రెయిల్ అందంగా ఉందని అటు పోవద్దు. ఫోన్‌లో అవెంజా లాంటి యాప్‌లో సర్వే మ్యాప్ వేసుకుంటే మీరెక్కడున్నారో చుక్క కనిపిస్తుంది, కానీ చెట్ల కింద ఆ చుక్క అటూ ఇటూ జరుగుతుంది, దాన్ని పూర్తిగా నమ్మి నేను ఒకసారి బుక్కయ్యాను. ఇక్కడ అడవుల నిండా పాత రైతులు కట్టిన రాతి గోడలుంటాయి, ఇప్పుడు అడవి అయినదంతా ఒకప్పుడు పచ్చిక బయళ్లు, పొలాలే. అన్ని గోడలూ హద్దులు కావు. నేను తప్పు గోడ పట్టుకుని పోయి, దారి శుభ్రం చేస్తున్నాననుకుని పక్కాయన స్థలంలో పన్నెండు మొక్కలు నరికేశాను. ఆయన మంచివాడు కాబట్టి కాఫీ ఇచ్చి పంపించాడు. అప్పటినుంచి కడ్డీ కనిపించేదాకా కత్తెర సంచిలోంచి తీయను.

బేస్‌లైన్‌లో ఫొటో ఎక్కడ నిలబడి తీశారో సరిగ్గా అక్కడే నిలబడి, అదే దిక్కుకి తీయండి. రెండూ పక్కపక్కన పెడితే తేడా మాట్లాడుతుంది. ట్రస్టులు ఇలా ప్రతి రెస్ట్రిక్షన్‌నీ ఏడాదికి ఒకసారైనా చూడాలి. ప్రైవేటు ఓనర్ ఉన్న చోటికి వారం ముందే ఫోన్ చేసి చెప్పి వెళ్లాలి, వీలైతే ఆయన్నీ నడకకి రమ్మనండి. ఆ నడకలోనే చెప్తారు, అబ్బాయికి ఇల్లు కట్టిద్దామనుకుంటున్నా అని. అవునని కాదని మీరు అనొద్దు. ఆఫీసుతో మాట్లాడండి అని, విన్నది మాత్రం రాసుకోండి.

ఆక్రమణ అంటే పెద్ద పెద్దవి ఊహించుకోకండి. పక్కింటి లాన్ ప్రతి ఏడూ రెండడుగులు ముందుకి జరుగుతుంది. కోసిన గడ్డి తెచ్చి పోస్తారు, తర్వాత పిల్లల ఉయ్యాల, ఆ తర్వాత షెడ్డు. గడ్డి దగ్గరే పట్టుకుంటే ఒక మాటతో పోతుంది. తలుపు కొట్టి హద్దు గుర్తులు పెడుతున్నాం, చూస్తారా అని పిలవండి, మీరు ఆక్రమించారు అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. ఉత్తరాలూ లాయర్లూ ట్రస్టు చూసుకుంటుంది.

కలుపు సంగతి. గార్లిక్ మస్టర్డ్ ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది, గింజ కట్టకముందే వేరుతో పీకి సంచిలో వేయండి, పూత మీదున్నది పీకి అక్కడే పడేస్తే పడుకుని కూడా గింజ కడుతుంది. ఓరియంటల్ బిట్టర్‌స్వీట్ తీగ వేరు నారింజ రంగులో ఉంటుంది, చెట్టుని చుట్టి పిసికేస్తుంది. దాన్ని కిందికి లాగొద్దు, కొమ్మలు నెత్తిన పడతాయి. నేల దగ్గర ఒక కోత, నడుం ఎత్తులో ఒక కోత, పైది ఎండిపోతుంది. మొదలు మళ్లీ చిగురిస్తుంది, దానికి మందు పూసే పని లైసెన్సు ఉన్నవాళ్లకి వదిలేయండి.

పాయిజన్ ఐవీ మూడాకుల మొక్క. మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబమే, నల్లజీడి రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో ఇదీ అంతే. తగిలిందని అనుమానం వస్తే వెంటనే సబ్బుతో కడగండి, బట్టలు విడిగా ఉతకండి. దానికంటే నాకు టెన్షన్ పిడుదులతో. గేదెకి పట్టేంత లావు ఉండవు, పిల్ల పిడుదు గసగసాల గింజంతే, లైమ్ జబ్బు అంటించేది ఎక్కువగా అదే. ప్యాంటు సాక్సులో దోపుకోండి, బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టుకోండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకలు, తల వెంట్రుకల్లో చూసుకోండి. 24 గంటల్లోపు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది.

దీన్నే ఉద్యోగంగా చేసుకోవాలంటే రెండు సీజన్లు వాలంటీర్‌గా చేసి, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసే పని), చైన్‌సా (మోటారు రంపం) ట్రైనింగ్, మందు కొట్టే లైసెన్సు సంపాదించండి. మొదట దొరికేవి ఎక్కువగా వేసవి సీజన్ పనులే. ఐటీ జీతంతో మాత్రం పోల్చుకోకండి, ఏడుపొస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లు జీతమిచ్చే పనిని ఉచితంగా చేసినా చిక్కే, లాయర్ని అడిగి దిగండి.

రిపోర్టు ఆ రాత్రే రాసేయండి. ఏమీ మారలేదు అన్నదీ రిపోర్టే, తేదీ, ఫొటో నంబర్లు, ఎవరితో మాట్లాడారో ఉండాలి. మొదటి నడకకి నవంబర్ అడిగి తీసుకోండి. ఆకు రాలిపోయి గోడలు దూరం నుంచే కనిపిస్తాయి, పిడుదులు మాత్రం అప్పుడూ ఉంటాయి. వేట సీజన్ కూడా అప్పుడే, మెరిసే నారింజ జాకెట్ లేకుండా వెళ్లొద్దు.