పిల్లలు తిరిగే ఇంట్లో తుపాకికి తాళం: మిషిగన్‌కు కొత్తగా వచ్చినవారికి

బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు వంటి విషయాలు మీకు ఎవరైనా చెబుతారు కాబట్టి, ఎవరూ ప్రస్తావించని తుపాకుల సంగతి నేను చెబుతాను. ఈమధ్య గ్రీన్ కార్డు వచ్చిన ఒక తమ్ముడు ఆత్మరక్షణకని పిస్తోలు కొని, తూటాలతో సహా మంచం పక్క సొరుగులో పెట్టాడు. వాళ్ళింట్లో పుట్టినరోజు విందునాడు అతిథుల చలికోట్లన్నీ ఆ మంచం మీదే గుట్టగా పడ్డాయి, పిల్లలు ఆ కోట్ల చాటునే దాగుడుమూతలు ఆడారు. అడిగితే "మావాడు సొరుగు ముట్టుకోడన్నా" అన్నాడు. వద్దన్న వస్తువునే వెతికి పట్టుకునే నాలుగేళ్ళవాణ్ణి నమ్ముకుని ఈ ధీమా ఏమిటి?

ఇక్కడ 2024 ఫిబ్రవరి 13 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, 18 ఏళ్ళలోపువారు ఉండే, లేదా వచ్చే అవకాశమున్న ఇంట్లో తుపాకిని వదిలి వెళ్ళేటప్పుడు తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, లేదా తూటాలు తీసేసి తుపాకికే తాళం బిగించాలి. అలా చేయనందువల్ల అది పిల్లల చేతికి చిక్కి, పేలి ఒకరి ప్రాణం పోతే 15 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. మాకు పిల్లలు లేరు కదా అనకండి, వ్రతానికి వచ్చినవారి పిల్లలూ లెక్కలోకి వస్తారు. 2021 నవంబరులో మిషిగన్‌లోనే ఉన్న ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో నలుగురు విద్యార్థులను కాల్చిచంపిన కుర్రాడి తల్లిదండ్రులకు, ఈ చట్టానికి ముందునాటి ఘటనే అయినా, చెరి పది నుంచి పదిహేనేళ్ళ శిక్ష పడింది.

హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టరీత్యా నేరం. అయినా ఈ విషయం మీకు పట్టనిది కాదు, ఎందుకంటే మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళే ఇళ్ళలో అది ఉండవచ్చు. వచ్చిన కొత్తలో నేను ఈ మాట అడగడానికి నోరు రాక, పాప తిరిగి వచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడేవాణ్ణి. మీరు అలా నలిగిపోకండి. మా బిడ్డకు వేరుశనగ పడదని చెప్పినంత మామూలుగా, "మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళం వేసి ఉందా?" అని అడగండి. మొహమాటానికి ఇది చోటు కాదు.

నొచ్చుకుంటారేమో అన్న భయం కూడా అక్కరలేదు, ఇక్కడ పిల్లల డాక్టర్లే ఈ ప్రశ్న అడుగుతుంటారు. ఖర్చూ పెద్దదేమీ కాదు, చాలాచోట్ల పోలీసు స్టేషన్లలో తుపాకిలోంచి దూర్చి బిగించే కేబుల్ తాళాలు ఉచితంగానే ఇస్తారు. తాళంచెవిని మాత్రం దేవుడి గూట్లో పెట్టకండి, పిల్లలు మొదట వెతికేది అక్కడే.