ఆటిజం ఉన్న బిడ్డకి సప్లిమెంట్లు మొదలుపెట్టే ముందు

బిడ్డకి ఆటిజం అని తెలిసిన మొదటి కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండండి. ఆ రోజుల్లో నిద్ర పట్టదు, రాత్రంతా ఫోన్లో వెతుకుతాం, మిథైలేషన్, మైటోకాండ్రియా, డీటాక్స్ అంటూ ఏవేవో కనబడతాయి, తెల్లారేసరికి డబ్బాలు ఆర్డర్ పెట్టేసి ఉంటాం. మేమూ అదే చేశాం. ఒకే వారంలో నాలుగు మొదలుపెట్టాం, మావాడు అర్ధరాత్రి లేచి కూర్చోవడం మొదలైంది, అది దేనివల్లో తేలక చివరికి అన్నీ ఆపేశాం.

అలాగని జీవక్రియ (తిన్నదాన్ని ఒళ్ళు మార్చి వాడుకునే తీరు) సంగతి కొట్టిపారేయకండి. ఫినైల్‌కీటోన్యూరియా, బయోటినిడేజ్ లోపం, మెదడులో క్రియాటిన్ (కణాలకి శక్తినిచ్చే పదార్థం) తగ్గడం, మెదడుకి ఫోలేట్ (ఒక బి విటమిన్) అందకపోవడం లాంటి జీవక్రియ జబ్బులు అరుదే గానీ కొందరిలో ఆటిజం లక్షణాలతో కనిపిస్తాయి, వీటిలో చాలావాటికి వైద్యం కూడా ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. వచ్చిన మాటలు, నడక పోవడం, జ్వరం వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు దిగజారడం, ఫిట్స్, తరచూ వాంతులు, ఒళ్ళు మెత్తగా తేలిపోవడం, తల్లిదండ్రులది దగ్గరి రక్తసంబంధం కావడం, వీటిలో ఏదున్నా పిల్లల న్యూరాలజిస్టుని గానీ జెనెటిక్స్ డాక్టర్ని గానీ కలిసి జీవక్రియ పరీక్షలు అవసరమా అని నేరుగా అడగండి. డబ్బాల కంటే ముందు ఈ పని జరగాలి.

మామూలు లోపాలు కూడా చూడమనండి. రెండు మూడు రకాలే తినే పిల్లల్లో ఐరన్ తగ్గిపోతుంది, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) తక్కువైతే రాత్రి కాళ్ళు కొట్టుకుంటూ నిద్రపోరు. విటమిన్ సి బొత్తిగా అందక స్కర్వీ వచ్చి, కాళ్ళ నొప్పితో నడవడం మానేసిన పిల్లలున్నారు, మాటల్లేని బిడ్డ నొప్పి అని చెప్పలేదు కదా, చూసేవాళ్ళకి మొండితనంలా కనబడుతుంది. మట్టి, పెయింటు పెచ్చులు నోట్లో పెట్టుకునే అలవాటుంటే రక్తంలో సీసం ఎంతుందో చూడాలి.

ఇక ఎపిజెనెటిక్స్. జన్యువులోని అక్షరాలు మారకుండానే అది ఎంత పనిచేయాలో నిర్ణయించే రసాయన గుర్తులివి. ఆటిజానికి కారణమయ్యే జన్యు సమస్యల్లో ఒకటైన ఫ్రాజైల్ ఎక్స్‌లో జరిగేది ఇదే: ఎఫ్.ఎం.ఆర్.1 జన్యువులో ఒక చిన్న ముక్క 200 సార్లకు మించి వరుసగా వచ్చేసరికి దాని మీద మిథైల్ అనే ఈ రసాయన గుర్తులు పడి జన్యువు మూగబోతుంది. దీనికి నమ్మదగిన రక్తపరీక్ష ఉంది, చేయించండి. కానీ ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే జన్యువులో తేడా ఉందన్న రిపోర్టు చూపించి "మీవాడికి మిథైలేషన్ సరిగ్గా లేదు, ఈ కోర్సు వాడండి" అంటే అక్కడే ఆగండి. ఆ తేడా ఏ సమస్యా లేనివాళ్ళలోనూ ఎంతోమందికి ఉంటుంది. పైగా మిథైల్ గుర్తులు ఒక్కో అవయవంలో ఒక్కోలా ఉంటాయి, ఉమ్ములో కనబడిందే మెదడులోనూ జరుగుతోందని ఎవరూ చెప్పలేరు.

ల్యూకోవోరిన్ (ఫోలేట్‌లో ఒక రకమైన మందు) గురించి అందరూ అడుగుతారు. 2016లో వెలువడిన 48 మంది పిల్లల ట్రయల్లో 12 వారాలకి మాటలో కొంత మెరుగు కనిపించింది, ఫోలేట్ మెదడుకి చేరకుండా అడ్డుకునే ఫోలేట్ రిసెప్టర్ యాంటీబాడీలున్న పిల్లల్లో అది మరింత స్పష్టంగా ఉంది. ఆశ పెట్టుకోదగిన సంగతే, కానీ 48 మంది అంటే చిన్న సంఖ్య. కొందరు పిల్లల్లో చిరాకు, నిద్రలేమి పెరుగుతాయి, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ ప్రభావాన్ని ఇది తగ్గించగలదు కూడా. డాక్టర్ లేకుండా వద్దు.

విటమినే కదా ఏమవుతుందిలే అనుకోకండి. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి, డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. బయోటిన్ వాడుతున్నట్టు ల్యాబ్‌లో తప్పక చెప్పండి, థైరాయిడ్ రిజల్ట్ తారుమారవుతుంది. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) మానిపించాలనుకుంటే, అది పడని సీలియాక్ జబ్బుకి పరీక్ష ముందే చేయించాలి, మానేశాక చేస్తే జబ్బున్నా కనబడకపోవచ్చు. ఒకసారికి ఒక్క సప్లిమెంటే మొదలుపెట్టండి, తేదీ, మోతాదు, నిద్ర, విరేచనం రాసుకోండి.

ఒంట్లోని లోహాల్ని బయటికి లాగే మందులిచ్చే కీలేషన్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న 5 ఏళ్ళ బాబు ఈ కీలేషన్ మందు ఇంజెక్షన్ వల్ల కాల్షియం పడిపోయి చనిపోయాడు.

ఇంకో బిడ్డని అనుకుంటున్నవాళ్ళు గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, అంతకు మించిన మోతాదు డాక్టర్ చెబితేనే. ఫిట్స్‌కి వాల్ప్రోయేట్ వాడుతున్న తల్లి గర్భానికి ముందే న్యూరాలజిస్టుతో మాట్లాడాలి. జన్యువుల గుర్తుల్ని మార్చే గుణం ఆ మందుకి ఉంది, 2013 నాటి డెన్మార్క్ అధ్యయనంలో మొత్తం పిల్లల్లో ఆటిజం సుమారు 1.5 శాతం ఉంటే, కడుపులో ఉండగా ఆ మందు తగిలినవాళ్ళలో 4.4 శాతం వరకు ఉంది. అయితే భయపడి మాత్ర మీకు మీరే ఆపేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి, అది తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం.